పొలములోని చెట్టును తీయుట: ఎప్పుడు, ఎట్లు

(రైతుల సభలో చేసిన ఉపన్యాసము)



క్రొత్తచెట్లు నాటుటను గూర్చి మీకు చెప్పువారు పలువురు గలరు. ఉన్న చెట్టును తీయుటను గూర్చి చెప్పువారు అరుదు. అయినను పట్టాదారులు మమ్ము తరచుగా అడుగునది ఈ రెండవదియే. “అయ్యా, బావిగట్టుమీది చింతను కొట్టింపవచ్చునా?” “గట్టు తుమ్మ నీడవలన మడి పండుటలేదు, తీసివేయుదునా?” “మామిడి ముసలిదైనది, కర్రకు అడుగుచున్నారు, ఇచ్చివేయుదునా?” నేడు ఆ విషయమునే మీకు మనవి చేయదలచితిని. మొదట నా స్వంత తప్పు చెప్పి ఆరంభించెదను. ఒకరికి బుద్ధి చెప్ప వచ్చినవాడు తాను పడినచోటును దాచుట న్యాయము గాదు.

మా తాతగారు త్రవ్వించిన మోటబావి యొకటి మా పొలమున గలదు. దాని పడమటి గట్టున పెద్ద చింతచెట్టుండెను. మోట తోలిన దినములలో ఎద్దులును, తోలువాడును ఆ నీడనే నమ్ముకొని యుండిరి. మోట పోయి పంపు వచ్చిన పిదప ఆ చెట్టునకు పని లేనట్లు నాకు తోచినది. ఆకు రాలి నీరు చెడుచున్నది. వేళ్ళు బావి రాతికట్టును లోనికి త్రోయుచున్నవి. కర్రకు మంచి వెల వచ్చుచున్నది. మా చిన్నాయన వలదనెను. కారణమడిగితే చెప్పలేకపోయెను. కారణము చెప్పలేనివాని మాట వినుట నా చదువునకు తగదని తలచి చెట్టును కొట్టించితిని.

మొదటి వానకాలమున ఏమియు కాలేదు. రెండవయేటను కాలేదు. మూడవ వానకాలమున ఒకరాత్రి పడమటి కట్టు నిలువున జారి, పంపుతో గూడ బావిలో పడెను. తిరిగి కట్టించుటకైన వ్యయము కర్రకు వచ్చిన వెలకు రెండింతలకు పైబడినది.

జరిగినదేమనగా, వేళ్ళు రాళ్ళను త్రోసిన మాట నిజమే. కాని రాళ్ళవెనుక మట్టిని పట్టియుంచినవియు ఆ వేళ్ళే. చెట్టు కొట్టిన నాడే వేళ్ళు పట్టు విడువవు. సన్నవేళ్ళు మొదట, లావువేళ్ళు పిదప, కొన్నియేండ్లలో క్రమముగా కుళ్ళును. అంతలో యజమాని ఆ చెట్టును మరచియుండును. చెరువుకట్టమీద, వాగుగట్టున, మిట్టపొలపు ఒడ్డున నున్న చెట్లకు గూడ ఇదియే వర్తించును. నేను చేయవలసినది రెంటిలో నొకటి. కట్టును ముందు బాగుచేయించి తరువాత చెట్టును తీయుట యొకటి. లేదా, చింత మొద్దునుండి మరల చిగుర్చు జాతి గనుక, పై కొమ్మలను తగ్గించి, మొదలును వేరును బ్రతుకనిచ్చుట రెండవది. రెండును చేయక మూడవది చేసితిని.

కావున ఏ చెట్టు విషయమునను నేనిప్పుడడుగు మొదటి ప్రశ్న, “ఇది ఏమి ఫలమిచ్చుచున్నది?” అనునది కాదు. “ఇది ఏ పని చేయుచున్నది?” అనునది. దానికి ఉత్తరము ఒక్కదినమున దొరకదు. చైత్రమున నీడను చూచి, శ్రావణమున నీటిపారుదలను చూచి, మాఘమున ఆకురాలుటను చూచి, ఒక సంవత్సరము కనిపెట్టిన గాని తెలియదు. ప్రాణభయము లేనిచోట ఒకయేడు ఆగుటవలన నష్టమేమియు లేదు. చెట్టు పారిపోదు గదా.

ఇక గట్టుమీది నల్లతుమ్మ మాట. దాని నీడ పైరునకు చేటని అందరును అందురు. ఏ గట్టుమీదిదని మాత్రము ఎవరును చెప్పరు. చలికాలమున సూర్యుడు మనకు దక్షిణముగా నడచును గనుక నీడ ఉత్తరమునకు పడును. మీ మడికి దక్షిణపుగట్టున నున్న తుమ్మ తాబీపైరుమీద దినమంతయు నీడ వేయును. ఉత్తరపుగట్టున నున్న తుమ్మ తన నీడను మీ మడిమీద గాక ఆవలికి వేయును. రెంటిని ఒకే గొడ్డలితో తీర్పుచేయుట తగదు. దక్షిణపుదానిని గూడ మొదట క్రింది కొమ్మలు నరికి, ఎత్తుగా పెంచి చూడుడు. వేళ్ళు మడిలోనికి వచ్చి తేమను లాగుచుండినచో, చెట్టునకును పైరునకును నడుమ, మొదటికి కొంత దూరమున, రెండుమూడడుగుల లోతున సన్నని కందకము త్రవ్వి పక్కవేళ్ళను తెగగొట్టుడు. ఒక ప్రక్కనే తెగగొట్టవలెను. నాలుగు ప్రక్కల త్రవ్వినచో చెట్టు గాలికి పడిపోవును. తుమ్మ పప్పుజాతి చెట్టు. వేళ్ళ బుడిపెలలో నత్రజనిని నిలుపును. కాయ గొర్రెలకు మేత. చేవ నాగలికి, బండికి పనికివచ్చును. ఇంతచేసినను మడి పండనిచో, అప్పుడు తీయుడు. ఆ తీర్పునకు నేనడ్డుపడను. చెట్టుమీది ప్రేమచేత పైరును పోగొట్టుకొమ్మని చెప్పుట మా శాఖ పని గాదు.

చచ్చినదని తలచి బ్రతికియున్న చెట్టును కొట్టుట మరియొక తప్పు. 2021వ సంవత్సరమున తెలంగాణమున ఊరూర వేపచెట్లు కొనలనుండి క్రిందికి ఎండి, నిప్పుపెట్టినట్లు గోధుమరంగునకు తిరిగినవి. అది శిలీంధ్రమువలన వచ్చు కొమ్మయెండు తెగులు. చెట్లు చచ్చినవని కొందరు తొందరపడి కొట్టించిరి. ఆగినవారి చెట్లలో పెక్కు వేసవి చిగురుతో మరల పచ్చబడినవి. చెట్టు చచ్చినదో లేదో తెలిసికొనుటకు కొడవలిమొనతో బెరడును గోకి చూడవలెను. లోపల పచ్చగా, తడిగా నున్నచో ప్రాణమున్నది. గోధుమరంగున పొడిగా నున్నచో ఆ కొమ్మ పోయినది. కొననుండి మొదటివరకు పలుచోట్ల గోకి, పచ్చదనము ఎక్కడ ఆరంభమగునో అక్కడికి కోసి, ఎండుకొమ్మలను తగులబెట్టుడు.

మహబూబునగరమునకు సమీపమున నున్న పిల్లలమఱ్ఱిని మీలో చూడనివారు తక్కువ. సుమారు మూడెకరములు పరచుకొనిన ఆ వృక్షమునకు చెదలు పట్టి, 2017వ సంవత్సరాంతమున పెద్దకొమ్మ విరిగిపడెను. 2018లో దానికి, వైద్యశాలలో రోగికి సెలైను ఎక్కించినట్లే, సీసాలను వ్రేలాడగట్టి చెదలమందును చుక్కచుక్కగా కర్రలోనికెక్కించిరి; బరువైన కొమ్మల క్రింద స్తంభములు కట్టిరి. మీ ఇంటి వేపకు ఇంత చికిత్స చేయుమని నేను చెప్పను. కొమ్మక్రింద ఊతము పెట్టుట, చెదలపుట్టను త్రవ్వి మందు పోయుట మాత్రము ఏ రైతునకైనను సాధ్యమే.

మామిడి విషయమును త్వరగా ముగించెదను. ముసలిచెట్లు నలుబదియేండ్లు దాటి కాపు తగ్గినప్పుడు కర్రకు అమ్ముటకు ముందు పునరుద్ధరణ చేసి చూడవచ్చును. పెద్దకొమ్మలను నేలకు పది పన్నెండడుగుల ఎత్తున రంపముతో కోసి, కోసినచోట బోర్డోముద్ద పూయవలెను. వచ్చిన చిగుళ్ళలో కొమ్మకు నాలుగైదింటిని, బయటికి చూచువానిని మాత్రమే ఉంచి తక్కినవి త్రుంచవలెను. రెండుమూడేండ్లలో కాపు మరల వచ్చును. జాతి మంచిది కానిచో ఆ చిగుళ్ళమీదనే మేలిజాతి అంటు కట్టవచ్చును. మొదటిలో రంధ్రములుండి రంపపుపొట్టు వంటిది రాలుచున్నచో తొలిచెడు పురుగు ఉన్నదని తెలియవలెను. ఇనుపతీగెతో పురుగును లాగి, కిరసనాయిలుతో తడిపిన దూదిని దూర్చి, పైన బంకమట్టి మెత్తవలెను. బదనిక పట్టినచో అది కర్రలో దిగినచోటికి క్రిందుగా కొమ్మను కోయవలెను. ఆకులు త్రుంచినందువలన పోదు. ఇవన్నియు మించిపోయి మొదలు గుల్లయైన మామిడిమీద మరల వ్యయము చేయుట వ్యర్థము.

ఆలస్యము చేయక తీయవలసిన చెట్లు గలవు. మొదట నేలకానియున్నచోట తట్టలవలె పుట్టకొక్కులు పుట్టుచున్న చెట్టు. గొడ్డలిమడమతో తట్టినప్పుడు డొల్లగా మ్రోగు చెట్టు. క్రొత్తగా ఒరిగి, ఒరిగినదానికి ఎదుటిప్రక్క నేల పగిలి లేచిన చెట్టు. రెండుగా చీలిన పంగలో నీరు నిలిచి కుళ్ళుచున్న చెట్టు. ఇట్టిది నడిపొలమున నున్నచో తొందరలేదు, గుడ్లగూబలకును చిలుకలకును ఇల్లగును. పశువులకొట్టముమీదనో, బాటమీదనో, పిల్లలాడుకొనుచోటనో ఒరిగినచో వానకాలపుగాలులకు ముందే తీయవలెను. ఎన్నాళ్ళనుండియో నిలిచియున్నదను మాట ఆధారము గాదు.

రేగడినేలలో ఇల్లు కట్టుకొన్నవారికి ఒకమాట. ఇంటిప్రక్క పెద్దచెట్టు వేసవిలో తేమను లాగగా రేగడి ముడుచుకొని గోడలు పగులును. ఆ కోపముతో చెట్టును ఒక్కసారి కొట్టినచో, ఇంతకాలము ఎండియున్న నేల తేమ పట్టి ఉబ్బి, గోడలు వేరొకరీతిని పగులును. అట్టిచోట రెండుమూడేండ్లలో కొమ్మలను క్రమముగా తగ్గించి పిదప తీయుట మేలు.

ఇక అనుమతి. 2002వ సంవత్సరమున చేయబడిన నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము, పట్టాభూమిలోని చెట్టునైనను అధికారుల అనుమతి ముందుగా పొందక కొట్టరాదు. కొన్నిజాతులకు మినహాయింపు కలదు. మీ చెట్టు అందు చేరునో లేదో అటవీశాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనుడు. కర్రను బండి కెక్కించి ఊరు దాటించుటకు వేరుగ పత్రము కావలసినదేమో గూడ అప్పుడే అడుగుడు. తాడి, ఈతచెట్ల విషయమున ఆబ్కారీశాఖవారిని, గీతవృత్తివారిని విచారింపక గొడ్డలి ఎత్తకుడు; అది ఒకరి జీవనము. సరిహద్దుచెట్టు విషయమున పొరుగువానితోడను, పాళ్ళుపంచుకొనిన అన్నదమ్ములతోడను ముందుగా మాటాడి, కాగితముమీద వ్రాసికొనుడు. అరమూర వెడల్పు లేని మొదటికొరకు పదియేండ్లు వ్యాజ్యమాడినవారిని నేనెరుగుదును. చెట్టు ఆ వ్యాజ్యములోనే ఎండిపోయినది.

అమ్మువారు ముందుగా కొలత నేర్వవలెను. వర్తకులు దుంగను నాలుగవవంతు చుట్టుకొలతతో లెక్కింతురు. దుంగనడుమ చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులనుకొనుడు. చుట్టుకొలతలో నాలుగవవంతు 1 అడుగు. దానిని దానితోనే గుణించి పొడవుతో గుణించినచో 10 ఘనపుటడుగులగును. నిజముగా ఆ దుంగలో సుమారు 12.7 ఘనపుటడుగులున్నవి. అనగా ఐదవవంతునకు పైగా లెక్కలోనికి రాదు. అది బెరడుక్రిందను, చెక్కుక్రిందను పోవునని వర్తకుల వాడుక. వాడుక గనుక మోసమనరాదు. కాని ఇట్లు కొలిచినపిదప “బెరడుతరుగు” అని మరల కోతపెట్టువాడును, నడుమ గాక సన్నకొనయందు కొలుచువాడును కలరు. వారికడ మీ టేపు మీ చేతనుండవలెను. నిలుచున్న చెట్టును చూచి గుత్తగా ఇచ్చువారు తరచుగా నష్టపోవుదురు.

కొట్టుటకు తగినకాలము ఆబీకోతలు ముగిసి నేల గట్టిపడినపిదప, వేసవి ముదురకముందు. పొలమున పైరుండదు, కర్ర నెమ్మదిగా ఆరును, పగుళ్ళు తక్కువ. వెన్నెలదినములలో కొట్టిన కర్రకు పురుగుపట్టునని పెద్దలందురు. అమావాస్యకే కొట్టవలెనని కూర్చున్నవారితో నేను వాదింపను. కొట్టినవెంటనే బెరడు ఒలిచి, నేలకు తగులకుండ నీడన పేర్చుట మాత్రము ఏ తిథినైనను మరువరాదని చెప్పెదను.

ఇప్పుడు కొట్టువిధము. ఇది మనుష్యుల ప్రాణములమాట గనుక కొంచెము నిదానముగా వినుడు.

ఒక గ్రామమున నేను కన్నులార చూచినది చెప్పెదను. బాగుగా ఒరిగిన తుమ్మ. పడుదిక్కు ఎట్లును తెలిసినదే గదా యని, ముందువైపు గంటు పెట్టక వెనుకనుండియే రంపము నడిపించిరి. సగము తెగకముందే మొదలు నిలువున చీలి, ముందుసగము నిలిచియుండగా వెనుకసగము మనిషియెత్తునకు లేచి విరిగి, తిరుగుదెబ్బగా కూలివాని తొడపై పడెను. అతడు బ్రతికెను, నడక మాత్రము మునుపటిది కాలేదు. ఆ చెట్టు యజమానికి వచ్చిన వెల వైద్యమునకు చాలలేదు. కూలివాని కుటుంబమునకు ఎంత చాలలేదో లెక్కవేసినవారు లేరు.

కావున ముందు చెట్టుయెత్తును తెలిసికొనుడు. మీ చేయి చాచిన పొడవుగల కర్రను, చాచినచేత నిలువుగా పట్టుకొని, కర్ర అడుగు చెట్టుమొదటితోడను, కర్రకొన చెట్టుకొనతోడను కలియువరకు వెనుకకు నడువుడు. మీ కాళ్ళకును మొదటికిని నడుమనున్న దూరమే చెట్టుయెత్తు. ఆ యెత్తునకు రెండింతల దూరములో కొట్టువారు తప్ప మనుష్యులుగాని, పశువులుగాని ఉండరాదు. పిల్లలు చూడవత్తురు, వారిని ఆపుటకు ఒకనిని ప్రత్యేకముగా నిలుపుడు. విద్యుత్తీగెలు ఆ దూరములోనున్నచో శాఖవారిచేత ప్రవాహము ఆపించిన గాని పని ఆరంభింపరాదు. తొఱ్ఱలో పాము, కొమ్మన తేనెపట్టు ఉన్నవేమో చూచుకొనుడు.

పడవలసినదిక్కున, మొదటి అడ్డుకొలతలో నాలుగవవంతు మొదలు మూడవవంతువరకు లోతుగా గంటు కోయుడు. పిదప వెనుకవైపున, గంటు అడుగునకు రెండంగుళములు పైగా, సమముగా రంపము నడుపుడు. రెండుకోతలు కలియరాదు. నడుమ అడ్డుకొలతలో పదియవవంతు కర్ర కోయక విడువవలెను. అది తలుపునకు బందు వంటిది. చెట్టును తిన్నగా దించును. బందును తెగగోసినచో చెట్టు తనయిష్టమువచ్చినచోట పడును. రంపము బిగిసినచో వెనుకకోతలో గట్టికర్రచీలలు కొట్టుడు. ఒరిగినచెట్టునకు కోతకు పైభాగమున గొలుసుతోనో, బలమైనమోకుతోనో చుట్టు బిగించి కట్టుడు; చీలకుండ కాచును. మోకుతో లాగువారు చెట్టుయెత్తుకంటె ఎక్కువదూరమున నుండవలెను. ఎద్దులకాడికి మోకు కట్టుట వలదు. చెట్టు దారితప్పినచో ఎద్దులు తప్పించుకొనలేవు.

కొట్టువారు పారిపోవుదారిని ముందే శుభ్రపరచవలెను. తిన్నగా వెనుకకు గాదు, మూలగా, పడుదిక్కునకు వెనుక కుడివైపునకో ఎడమవైపునకో. కఱ్ఱుమను చప్పుడు వినగానే రంపమును విడిచి నడచిపోవలెను. రంపమునకు వెల కట్టవచ్చును. ఒకచెట్టు మరియొకచెట్టుమీద చిక్కినచో దానిక్రింద ఎవరును పోరాదు. చిక్కినదాని నెక్కి నరుకరాదు. మొదటికి మోకు కట్టి దూరమునుండి ట్రాక్టరుతో వెనుకకు లాగవలెను.

మొద్దు మాట మిగిలినది. మరల చిగుర్చవలెనన్నచో, నీలగిరిచెట్టువంటివానిని నేలకు నాలుగైదంగుళముల ఎత్తున, నీరు నిలువకుండ ఏటవాలుగా, బెరడు చీలకుండ కోయుడు. చిగుర్చరాదన్నచో జాతిని చూడుడు. సర్కారుతుమ్మను నేలమట్టముగా నరికినవాడు మరుసటియేటికి ఒకటికి పదికొమ్మలను పెంచుకొనినవాడగును. దాని మొగ్గలు నేలలోపలి మొదటియందు గలవు. అడుగులోతువరకు త్రవ్వి ఆ గడ్డను పెకలింపవలెను. తాడిచెట్టు తల తెగినపిదప చిగుర్చదు. తక్కినమొద్దులను అడ్డు లేనిచోట కుళ్ళనిండు. బావిగట్టున మాత్రము, నా అనుభవమునుబట్టి, కట్టు చూచుకొనినపిదపనే.

హైదరాబాదులో 1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ వైద్యశాలతోటలోని చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు చేయగలపని ఆ దినమునకు ముందు ఎవరికిని తెలియదు. ఇది మా చిన్నాయన చెప్పలేకపోయిన కారణమునకు బదులుగా చెప్పుచున్నాను, వాదముగా గాదు.

నా మాటలు ముగిసినవి. చావడివెనుక పశువులబాటమీదికి ఒరిగిన ఎండుతుమ్మ యొకటి గలదని గ్రామస్థులు చెప్పిరి. దాని యజమాని సమ్మతించెను. అధికారుల అనుమతియు వచ్చినది. రంపము, మోకు, చీలలు సిద్ధముగా నున్నవి. మొదట దాని యెత్తును మీలో ఒకరిచేత కొలిపింతము. పిల్లలను చావడిలోనే ఉంచి రండు.